ఎంతలో శాతం?

దసరా దగ్గరపడుతుంటే గోదావరిఖని చౌరస్తాలో, యైటింక్లైన్ కాలనీ చాయ్ దుకాణాల ముందు ఒకటే ముచ్చట: ఈసారి సింగరేణి బొగ్గు సంస్థ లాభాల వాటా ఎంత శాతం? 2024 సెప్టెంబరులో ప్రభుత్వం 33 శాతం అని ప్రకటించింది. కొత్తగా నౌకరీలో చేరిన పిల్లలకు ఆ అంకె పెద్దగానే కనిపించింది. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు చేసిన మనిషి మాత్రం ఇంకో మాట అడుగుతాడు: "ఎంతలో శాతం?" 2023-24లో సింగరేణికి వచ్చిన లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణకని పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం కట్టారు. కార్మికులకు వచ్చింది 796 కోట్లు. ఆ పక్కన పెట్టిన సొమ్ము మీదే కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

పాటగాళ్ల విజయాన్ని ఎట్లా కొలవాలన్న చర్చ ఎక్కడ చదివినా నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది. కోట్ల వ్యూస్, ట్రెండింగ్‌లో మొదటి స్థానం, ప్లాటినం డిస్క్, జాతీయ అవార్డు అని చెబుతారు. ప్రతి అంకె వెనకా ఒక మొత్తం ఉంటుంది, దాన్ని లెక్కించిన వాళ్లుంటారు, లెక్కకు ముందే పక్కన పెట్టినదీ ఉంటుంది. మన నేల పాటగాళ్లు ఎక్కువగా ఆ పక్కన పెట్టిన భాగంలోనే బతికారు. అందుకే ఈ కొలతలను ఒక్కొక్కటిగా ఖని నుంచి చూడాలనిపించింది.

ముందుగా మా ఊరి పాటే చెప్పుకుందాం. 2024 డిసెంబరులో 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమా నుంచి 'గోదారి గట్టు' పాట వచ్చింది. భీమ్స్ సిసిరోలియో బాణీ, భాస్కరభట్ల సాహిత్యం. పాడింది ఇద్దరు: ఏండ్ల తర్వాత మళ్లీ గొంతు విప్పిన రమణ గోగుల, గోదావరిఖని బిడ్డ మధుప్రియ. సంక్రాంతి పండుగ దాటేసరికి ఆ పాట మోగని పెళ్లి లేదు, బరాత్ లేదు. యూట్యూబ్‌లో వ్యూస్ పది కోట్లు దాటాయి. ఖనిలో అందరూ "మన పిల్ల" అన్నారు. పదేండ్ల వయసులో ఆడపిల్ల బాధను పాటగా పాడి ఊరూరా తెలిసిన పిల్ల ఆమె. తెలంగాణ ఉద్యమ వేదికల మీద పాడింది. 2017లో 'ఫిదా'లో 'వచ్చిండే', 2020లో 'సరిలేరు నీకెవ్వరు'లో ఒక పాట, ఆ తర్వాత ఇది. ఆమె గెలిచిందా? గెలిచింది. కానీ ఆ గెలుపును పది కోట్ల అంకెతో కొలవాలా, చిన్నప్పటి పాటకూ ఈ పాటకూ మధ్య గొంతు నిలబెట్టుకున్న పదిహేనేండ్లకు పైబడిన కాలంతో కొలవాలా? ఈ రెండూ వేర్వేరు కొలతలు. రికార్డింగ్ పరిశ్రమ మొదటి నుంచీ మొదటిదాన్నే పట్టుకున్నది.

ఆ పరిశ్రమ లెక్కలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే కారణం అర్థమవుతుంది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక 1940 జులైలో రికార్డుల అమ్మకాల పట్టిక మొదలుపెట్టింది. ఇప్పటికీ నడుస్తున్న 'హాట్ 100' 1958 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది అక్కడి రికార్డు కంపెనీల సంఘం గోల్డ్ రికార్డు ఇవ్వడం ప్రారంభించింది, 1976లో ప్లాటినం తోడైంది. ఆ పతకాలకు ఆధారం కంపెనీ దుకాణాలకు పంపిన సరుకు. జనం కొని ఇంటికి తీసుకుపోయారా లేదా అన్నది వేరే సంగతి. మన తెలుగు సినిమాల్లో 2000ల నాటికి 'ప్లాటినం డిస్క్ వేడుక' అన్నది విడుదలైన సినిమాకు ప్రచార సభగా మారింది. ఎన్ని క్యాసెట్లు, సీడీలు పోతే ప్లాటినమో ఆ వేదిక మీద చెప్పిన వాళ్లను నేను చూడలేదు.

బిల్‌బోర్డ్ పట్టికల్లో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం 1991 మే 25. అప్పటిదాకా దుకాణాల వాళ్లు ఫోన్‌లో ఏది బాగా పోతున్నదో చెబితే దాన్ని బట్టి ఆల్బముల వరుస కట్టేవారు. ఆ రోజు నుంచి సౌండ్‌స్కాన్ అనే పద్ధతిలో, కౌంటరు దగ్గర బార్‌కోడ్ కొట్టినప్పుడు నమోదైన అమ్మకాలను తీసుకున్నారు. పాటలు అవే, కొనేవాళ్లూ వాళ్లే. పట్టిక మాత్రం తలకిందులైంది. పల్లెల కంట్రీ సంగీతం పైకి లేచింది. నల్లవాళ్ల బస్తీల్లోంచి వచ్చిన ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ ఆల్బం జూన్‌లోనే మొదటి స్థానానికి చేరింది. అంతకుముందు ఆ పాటలు అమ్ముడుపోలేదని ఎవరనగలరు? ఫోన్ ఎత్తిన మనిషికి అవి కనిపించలేదు, అంతే. కొలిచే పరికరం మారితే ఒక జాతి పాట ఉన్నట్టుండి 'హిట్' అయింది. మన జానపదం కథ కూడా చాలావరకు ఇదే.

మన దగ్గర సౌండ్‌స్కాన్ లాంటిది రానే లేదు. బదులుగా రేడియో ఉండేది. 1952 డిసెంబరు నుంచి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ నడిపిన 'బినాకా గీత్‌మాలా' రికార్డుల అమ్మకాలతోపాటు శ్రోతల సంఘాల మాట కూడా కలుపుకొని హిందీ పాటల వరుస చెప్పేది. ఆ రోజుల్లో కోరిన పాటల కార్యక్రమాలకు ఉత్తరాలు రాసి దేశమంతా పేరుపడ్డ ఊరు ఝుమ్రీ తలయ్యా. ఇప్పటి జార్ఖండ్‌లో అభ్రకం గనుల ఊరు అది. చాలామంది అట్లాంటి ఊరు నిజంగా లేదనుకున్నారు. భూమిలోకి దిగి పనిచేసే వాళ్లున్న ఊరు, బయటికొచ్చాక పాట కోసం పోస్టుకార్డు కొని రాసింది. ఒక పాట ఎంతమందికి కావాలో చెప్పడానికి ఆ కార్డు ఒక కొలత. రాసినవాడి పేరూ, ఊరి పేరూ రేడియోలో వినిపించేవి కాబట్టి నేను దాన్ని నిజాయితీ గల కొలతే అంటాను. ఈ రోజు వ్యూస్ లెక్కలో శ్రోత ఊరు లేదు, పేరు లేదు.

క్యాసెట్ వచ్చి ఆ లెక్కను కూడా చెదరగొట్టింది. 1980ల్లో క్యాసెట్ చవకైంది, టేప్‌రికార్డర్ కార్మికవాడల్లోకి వచ్చింది. ఒక్క పెద్ద కంపెనీ గుప్పిట్లో ఉన్న వ్యాపారం వందల చిన్న కంపెనీల చేతికి పోయింది. పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో ఈ మార్పు మీద రాసిన పుస్తకం 'క్యాసెట్ కల్చర్' ఉత్తరాదిని చూసి రాసింది. ఆ గాలి ఇక్కడా వీచింది. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ షాపులు మన పట్నాల్లో ఉండేవి. బొగ్గుబాయి క్వార్టర్లలో ఒక ఇంట్లో మోగిన క్యాసెట్ పదిండ్లకు కాపీ అయ్యేది. ఆ పదింటిలో ఒక్కటీ ఏ పట్టికకూ ఎక్కలేదు.

ఆ లెక్కకు అందని వాళ్లలో మొదటి పేరు గద్దర్. తూప్రాన్‌లో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. కెనరా బ్యాంకు ఉద్యోగాన్ని వదులుకుని జననాట్యమండలి పాటకు పూర్తిగా అంకితమైన మనిషి. 1990లో నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాట కోసం లక్షల్లో జనం వచ్చారు. 1981లో 56 రోజులు సమ్మె చేసిన సింగరేణి కార్మికులకు ఆ పాటలు కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన పోయేనాటికి ఆయన పాట ఎన్ని క్యాసెట్లయిందో చెప్పే అధికారిక అంకె ఒక్కటీ లేదు. ప్రభుత్వం తన సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. బతికుండగా నంది పురస్కారాన్ని వద్దన్న మనిషి పేరు అది. పతకంతో విజయాన్ని కొలిచే పద్ధతి గురించి ఇంతకన్నా చెప్పేది నా దగ్గర లేదు.

రెండో పేరు ఇంకా దగ్గరిది. గూడ అంజయ్య. 1955లో దండేపల్లి మండలం లింగాపురంలో, ఇప్పటి మంచిర్యాల జిల్లాలో పుట్టారు. 'ఊరు మనదిరా' రాసింది ఆయనే. ఆ పాట భాషల హద్దులు దాటి వేరే రాష్ట్రాల ఉద్యమాల్లోకి పోయింది. పాడినవాళ్లలో చాలామందికి రాసింది ఎవరో తెలియదు. ఆయన ఫార్మసిస్టుగా ఉద్యోగం చేసుకుంటూ బతికారు, 2016లో కన్నుమూశారు. రాసినవాడి పేరు చెరిగిపోయేంతగా జనంలో కలిసిపోవడం పాటకు అన్నిటికన్నా పెద్ద విజయమని కొందరంటారు. ఆ మాట పాట విషయంలో నిజమే. రాసిన మనిషి విషయంలో మాత్రం నేనొప్పుకోను. పాట గెలవడం ఒకటి, పాటగాడు గెలవడం మరొకటి. ఈ రెండిటినీ కలిపేసినందువల్లనే మనం పాటగాళ్ల ఆకలిని గౌరవంగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాం.

ఇక యూట్యూబ్. ఇది మన సౌండ్‌స్కాన్ అని అనిపించేంత మార్పు తెచ్చింది. హైదరాబాద్ సినిమా కంపెనీ తలుపు తట్టకుండానే కరీంనగర్, సిరిసిల్ల, పెద్దపల్లి పిల్లలు ఒక కెమెరాతో పాట తీసి కోటి మందికి చూపిస్తున్నారు. 2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' చూడండి. లక్ష్మణ్ రాశారు, ఎస్‌.కె. బాజీ బాణీ కట్టారు, మోహన భోగరాజు పాడారు. సినిమాతో సంబంధం లేని ప్రైవేటు పాట. పాట ముందే బాగా పోతున్నది. కానీ 2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో భర్త ముందు ఆ పాటకు ఆడిన వీడియో బయటికొచ్చాక అది వేరే ఎత్తుకు పోయింది. ఆ తర్వాత తెలుగువాళ్లున్న ప్రతి ఊళ్లో పెళ్లికూతుళ్లు ఆడారు.

ఇప్పుడు చెప్పండి, ఆ విజయం ఎవరిది? రాసినవారిదా, గొంతుదా, బొగ్గు జిల్లా పెళ్లి ఊరేగింపుదా? దీనికి జవాబు వెతికిన ఒక ప్రయోగం ఉంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పేరు తెలియని బృందాలవి 48 పాటలు తీసుకుని, 14 వేల మందికి పైగా శ్రోతల ముందు ఉంచారు. కొందరికి పాటలు మాత్రమే చూపారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులు చేసి, తమ గుంపులో ఇంతకుముందు ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపారు. అంకె కనిపించిన గుంపుల్లో గెలిచిన పాటలు మరీ ఎక్కువగా గెలిచాయి, ఓడినవి మరీ ఓడాయి. అంతకన్నా ముఖ్యం, ఒక గుంపులో పైకొచ్చిన పాట ఇంకో గుంపులో కిందనే ఉండిపోయింది. మరీ మంచి పాట అడుగుకు పడిపోవడం, మరీ నాసిరకం పాట నెత్తికెక్కడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏదైనా జరగొచ్చు. వ్యూస్ అంకె పాటను కొలవడమే కాదు, పాటను నడిపిస్తుంది కూడా. థర్మామీటరే జ్వరం తెచ్చినట్టు.

ఆ అంకెను కొనడానికీ దారులున్నాయి. 2019 జులైలో బాద్‌షా పాట 'పాగల్' ఒక్కరోజులో ఏడున్నర కోట్ల వ్యూస్‌తో ప్రపంచ రికార్డు అని ప్రకటన వచ్చింది. ఆ వ్యూస్‌లో డబ్బు పెట్టి నడిపిన ప్రకటనల ద్వారా వచ్చినవీ ఉన్నాయని తేలింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన సంగీత పట్టికల లెక్కలోంచి ప్రకటనల వ్యూస్‌ను తీసేసింది. పెద్ద కంపెనీకి ప్రకటన కొనే సొమ్ముంటుంది. ఖనిలో అప్పుచేసి పాట తీసిన పిల్లవాడికి ఉండదు. ఇద్దరూ ఒకే అంకె ముందు నిలబడి పోటీ పడాలి. 2021 జూన్‌లో మన దేశపు రికార్డు కంపెనీల సంఘం ఐఎంఐ మొదటి అధికారిక స్ట్రీమింగ్ పట్టిక తెచ్చినప్పుడు నేను ఆశపడ్డాను. కానీ అది మన దేశంలో విదేశీ పాటలు ఎంత వింటున్నారో లెక్కపెట్టే టాప్ 20. బతుకమ్మ పాటకు, డీజే జానపదానికి అందులో వరుస లేదు.

సరే, వినడం లెక్క అట్లా ఉంచి డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడే "ఎంతలో శాతం?" అన్న ప్రశ్న నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. స్పాటిఫై లాంటి వేదికలో ఒక పాట ముప్పై సెకన్లు మోగితేనే ఒక స్ట్రీమ్. ఒక స్ట్రీమ్‌కు ఇంత అని ముందే తేలిన ధర ఉండదు. నెలకు వచ్చిన చందాలు, ప్రకటనల సొమ్ములోంచి వేదిక తన వాటా తీసుకున్నాక మిగిలినదాన్ని మొత్తం స్ట్రీముల్లో ఎవరి వంతు ఎంతో చూసి పంచుతారు. అంటే నేను నెలంతా ఒక్క జానపద గాయనినే విన్నా, నా చందా సొమ్ము ఆమెకే పోదు. పెద్ద కుప్పలో కలిసి, ఎక్కువ మోగిన వాళ్ల వైపే ఎక్కువగా పోతుంది. 2024 నుంచి ఇంకో నిబంధన వచ్చింది: గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు రాని పాటకు స్పాటిఫై రాయల్టీ ఇవ్వదు. ఎవరి చందా వాళ్లు విన్నవాళ్లకే చేరాలన్న పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది. ఊరి గాయనిని వినేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ వాళ్లు వదలకుండా వింటారు.

చట్టం పూర్తిగా మౌనంగా లేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, సినిమాలోనైనా రికార్డులోనైనా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా ఉండాలని, ఆ హక్కును ఒప్పందంలో రాసిచ్చినా చెల్లదని చెప్పింది. 1969లో ఏర్పడ్డ ఐపీఆర్ఎస్ రచయితల, స్వరకర్తల సొమ్ము వసూలు చేస్తుంది. గాయకుల హక్కుల కోసం 2013లో ఇస్రా వచ్చింది. కానీ మన జానపద పాట తీరు వేరు. గొంతుకు రోజు కూలీలాగా ఇంత అని ఒక్కసారి ఇస్తారు, కాగితం ఉండదు, ఉన్నా ఎవరూ చదవరు. రాసినవారి పేరు దగ్గర 'సేకరణ' అని పడుతుంది. ఆ ఒక్క మాట వెనక ఎంత దాగుంటుందో 2021లో 'సారంగ దరియా' పాట చుట్టూ వచ్చిన వివాదంలో చూశాం. ఊరి నోట్లో ఉన్న పాటను ఎవరు తెచ్చారు, ఎవరు తిరగరాశారు, ఎవరు పాడారు అన్నవి మూడు వేర్వేరు శ్రమలు. మూడిటికీ లెక్క ఉండాలి.

పాడితే బతుకుతారా అన్నదానికి అసలు జవాబు రికార్డులో లేదు, ప్రోగ్రాముల్లో ఉంది. అమెరికన్ ఆర్థికవేత్త అలన్ క్రూగర్ 2019 నాటి తన 'రాకనామిక్స్' పుస్తకంలో అక్కడి కచేరీల రాబడి లెక్క చెప్పాడు. 1982లో పైనున్న ఒక శాతం కళాకారులకు కచేరీల సొమ్ములో 26 శాతం పోయేది, 2017 నాటికి 60 శాతం పోతున్నది. మన దగ్గర ఈ లెక్క తీసినవాళ్లు లేరు. కానీ జాతర్లు, బోనాలు, పెళ్లిళ్లు, ఎన్నికల సభలు, డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం... వీటి చుట్టూనే మన పాటగాళ్ల ఏడాది తిరుగుతుంది. ఒక పాట యూట్యూబ్‌లో పోతే దాని ఫలం ఆ ఏడు ప్రోగ్రాములకు వచ్చే పిలుపుల్లో కనిపిస్తుంది. అందుకే ఇక్కడ చాలామందికి వీడియో అంటే రాబడి కాదు, పిలుపు కోసం వేసిన పోస్టరు.

బొగ్గుబాయి ఊళ్లలో ఇంకో కొలత ఉంది. దాన్ని ఏ ఆర్థికవేత్తా రాయలేదు, ఇంట్లో అమ్మ అడుగుతుంది: "పర్మనెంటేనా?" 1990ల మొదట్లో లక్షకు పైగా ఉద్యోగులున్న సింగరేణి ఇప్పుడు నలభై వేల దగ్గర ఉంది. మస్టర్ పడటమంటే, హాజరు పట్టీలో పేరుండటమంటే ఏమిటో తెలిసిన ఊరు ఇది. తెలంగాణ వచ్చాక ఏర్పాటైన సాంస్కృతిక సారథి సుమారు 550 మంది కళాకారులకు జీతం ఇచ్చింది. ఉద్యమంలో గొంతు చించుకున్నవాళ్లకు నెల తిరిగేసరికి జీతం రావడం చిన్న విషయం కాదు. ప్రభుత్వ పథకాల పాటలే పాడాల్సి రావడం దానికి మూల్యం అని విమర్శలొచ్చాయి. విమర్శలో నిజముంది. అయినా ఆ 550 ఇండ్లలో పిల్లల ఫీజులు కట్టారన్నది కూడా ఒక విజయమే, దాన్ని తేలిగ్గా తీసెయ్యను.

మస్టర్ లేని కీర్తి ఏమవుతుందో కిన్నెర మొగులయ్యను చూస్తే తెలుస్తుంది. 2021లో 'భీమ్లా నాయక్' పాటతో కోట్ల మంది విన్నారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో కూలిపని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. వ్యూస్ లెక్కలో, పురస్కారం లెక్కలో, ప్రచారం లెక్కలో ఆయన శిఖరం మీద ఉన్నాడు. కూలి లెక్కలో అడ్డా మీద ఉన్నాడు. మూడు కొలతలు ఒక మాట చెప్పి నాలుగోది వేరే మాట చెప్పినప్పుడు, నేను నాలుగోదాన్నే నమ్ముతాను.

యంత్రాలు రాకముందు సింగరేణిలో ఫిల్లర్లు తట్టలతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపేవారు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. ఏ టబ్బు ఎవరిదో లెక్క రాసేవాళ్లుండేవారు. ఆ లెక్క తప్పితే గొడవ అక్కడికక్కడే అయ్యేది, ఎందుకంటే నింపినవాడికి తన టబ్బు కంటికి కనిపించేది. రికార్డయిన పాటకు కూడా అట్లాంటి గుర్తు ఒకటుంది. ఐఎస్‌ఆర్‌సీ అంటారు. పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతం. ప్రపంచంలో ఎక్కడ మోగినా ఇది ఫలానా రికార్డు అని చెబుతుంది. దాన్ని ఆ పాట యజమాని తీసుకుంటాడు. పాడిన అమ్మాయి పేరు, రాసిన మనిషి పేరు దాని వెంట నమోదు చేస్తేనే సొమ్ముకు చిరునామా దొరుకుతుంది. లెక్కలో లేనివాళ్లను లెక్కలోకి తేవచ్చు: 2024 దసరాకు సింగరేణి చరిత్రలో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా లాభాల్లోంచి తలా 5,000 రూపాయలు ఇచ్చారు. మన జానపద వీడియోల కింద వివరాల్లో గాయని పేరు ఉంటుంది, డ్యాన్స్ చేసినవాళ్ల పేర్లుంటాయి, కెమెరా, ఎడిటింగ్, ఛానెల్ యజమాని పేర్లుంటాయి. ఈ వారం గోదావరిఖని, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన పాటలు కొన్ని తెరిచి చూశాను. డప్పు ఎవరు కొట్టారో ఒక్కదాంట్లోనూ లేదు.